పాతాళానికి దారి చూపే మణి

కంటికి కనిపించే లోకాన్ని ఆనుకొని, సామాన్యులకు తెలియని మరొక లోకం ఉన్నదని, దానికి తనవైన నియమాలు, పాలకులు, కాపలాదారులు ఉన్నారని, ఏదో ఒక కీడు ఇప్పుడు దానిని కబళించబోతున్నదని చెప్పే కథకు నేటి పుస్తక ప్రపంచంలో ఫాంటసీ నవల అని పేరు. ఇది పడమటి దేశాల నుంచి దిగుమతి అయిన సరుకు అనే అభిప్రాయం తెలుగు పాఠకులలో బలంగా ఉన్నది. అయితే ఖరగ్‌పూర్ ప్రాంతపు కథా సంపదను, దానితో తెలుగు కథకు ఉన్న బంధుత్వాన్ని కలిపి చూసినవారికి ఈ అభిప్రాయం నిలబడదని తేలికగానే తెలుస్తుంది.

ఖరగ్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పెంచిన ఊరు. రైల్వే కొలువుల కోసం వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. పట్టణం అంచున పశ్చిమ బెంగాల్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏర్పాటు చేసిన విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌కు ఆ పేరు పెట్టింది, అదే జిల్లాలోని బీర్‌సింహ గ్రామంలో 1820లో పుట్టిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని గౌరవార్థం. వితంతు వివాహాల కోసం పోరాడిన సంస్కర్తగానే తెలుగువారు ఎరిగిన ఆయన బెంగాలీ గద్యానికి ఒక రూపు తెచ్చిన తొలి రచనలలో ఒకటి 1847లో వెలువడిన ‘బేతాళ పంచవింశతి’; అంటే, యంత్రాల కర్మాగారాలకు పేరిచ్చిన పండితుడు తన గద్యాన్ని సానపట్టుకొన్నది చెట్టుకు వేలాడే శవం చెప్పే కథల మీద.

బెంగాల్‌లో అద్భుత జానపద కథలను రూపకథలు అంటారు. వీటిలో గుప్త లోకపు ఇతివృత్తానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చే కథను లాల్ బిహారీ డే 1883లో లండన్‌లో అచ్చయిన తన బెంగాలీ జానపద కథల ఇంగ్లీషు సంపుటిలో ‘ఫకీర్ చంద్’ పేరుతో చేర్చగా, దానికి తోబుట్టువు వంటి ‘పాతాళకన్య మణిమాల’ను దక్షిణారంజన్ మిత్ర మజుందార్ 1907లో రవీంద్రనాథ ఠాగూర్ ముందుమాటతో వెలువడిన ‘ఠాకూర్మార్ ఝులి’, అనగా ‘నాయనమ్మ సంచి’, అనే సంపుటిలో చెప్పాడు.

డే చెప్పిన కథలో రాజకుమారుడు, మంత్రికుమారుడు దేశాటనం చేస్తూ ఒక చెరువు గట్టున చెట్టెక్కి రాత్రి గడుపుతుండగా, నీటిలోంచి ఒక మహాసర్పం పైకి వచ్చి, తలమీది మణిని నేలపై ఉంచి, ఆ వెలుగులో మేతకు తిరుగుతుంది. మంత్రికుమారుడు మెల్లగా దిగి మణి మీద గుర్రపు లద్దె కప్పివేయగా, చీకటిలో దారి తెలియని పాము విలవిలలాడి చస్తుంది. మరునాడు మణిని కడగడానికి నీటిలో ముంచితే అడుగున ఒక రాజభవనం మెరుస్తుంది. మణి చేతిలో ఉన్నంతసేపూ ఆ భవనానికి వెళ్ళడానికీ, తిరిగి రావడానికీ నీరు దారి ఇస్తుంది. భవనంలో మిగిలినది ఒక్క రాజకుమార్తె. ఆమె వారందరినీ పాము ఏనాడో మింగివేసింది.

సాధారణ జానపద కథ ఇక్కడ పెళ్ళితో ముగిసిపోవాలి. ఈ కథకుని తెలివి అంతా పెళ్ళి తరువాతి భాగంలోనే ఉన్నది. పరివారాన్ని తీసుకురావడానికి మంత్రికుమారుడు వెళ్ళిన సమయంలో, పై లోకం ఎలా ఉంటుందో చూడాలన్న కోరికతో ఆమె, భర్త నిద్రపోతుండగా, మణి పట్టుకొని ఒంటరిగా గట్టు మీదికి వస్తుంది. ఆమెను క్షణకాలం చూసిన ఆ దేశపు రాజకుమారుడు మతి చలించి పలవరిస్తాడు. రాజు ప్రకటించిన బహుమానానికి ఆశపడిన ఒక ముసలిది, ఆదరం నటించి ఆమెకు చేరువై, మణిని కాజేస్తుంది. రాకుమార్తె పైన బందీ అవుతుంది, మణి లేని భర్త నీటి అడుగున చిక్కుకుపోతాడు. మారువేషంతో మంత్రికుమారుడు ఇద్దరినీ విడిపించేది తరువాతి మాట. గమనించవలసినది ఏమంటే, పాము ఉన్నన్నాళ్ళూ ఆ లోకానికి పాము ఒక్కటే శత్రువు, పాము చచ్చాక దారి తెలిసిన ప్రతి మనిషీ శత్రువు కాగలడు.

ఈ ఇతివృత్తాన్ని నవలగా విస్తరించిన ఘనత త్రైలోక్యనాథ్ ముఖోపాధ్యాయకు దక్కుతుంది. 1892లో వెలువడిన ఆయన ‘కంకావతి’లో, డబ్బు కోసం కూతురిని ముసలి జమీందారుకు కట్టబెట్టబోయే తండ్రి, ఆ దిగులుతో జ్వరపడిన అమ్మాయి, ఆ జ్వర స్వప్నంలో ఆమె చేరే నీటి అడుగు లోకం, చేపలు, దెయ్యాలు, దోమలు, ఆకాశయానం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ‘ఆలిస్’ కథను ఇది గుర్తు చేసే మాట నిజమే గాని, తెలుగు పాఠకునికి ఆలిస్ కంటే గురజాడ ‘కన్యాశుల్కం’ నాటక పాత్రలే ముందుగా తలపుకు వస్తాయి. ఆ నాటకం తొలిసారి ప్రదర్శితమైనదీ 1892లోనే.

పడమటి నవలలో గుప్త లోకానికి ముప్పు తరచుగా ఒక దుష్టశక్తి రూపంలో వస్తుంది. జర్మన్ రచయిత మిహాయెల్ ఎండే 1979లో రాసిన ‘అంతులేని కథ’ ఇందుకు కొంత భిన్నం. అందులో ఊహాలోకాన్ని మింగుతున్నది ఒక శూన్యం, దాని మూలం మనుషులు ఊహించడం మానుకోవడం. బెంగాలీ రూపకథ దీనికి సరిగ్గా ఎదురు: అక్కడ మరుపు వల్ల కాదు, మితిమీరిన ఆసక్తి వల్ల లోకానికి చేటు కలుగుతుంది. రెండింటిలో రెండవదే లోకానుభవానికి దగ్గరగా ఉన్నదని అనిపించక మానదు.

తెలుగులో ఇదే బాటలో, మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథల’ ప్రేరణతో కె.వి. రెడ్డి 1951లో తీసిన ‘పాతాళభైరవి’ నడిచింది. నేపాళ మాంత్రికుడు వెతికేది బలికి పనికివచ్చే సాహసవంతుని కోసం, ఆ బలితో తనకు దక్కే శక్తి కోసం. నవలల విషయానికి వస్తే, దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘చందమామ’ పత్రికలో రాసిన ధారావాహికలే, అంటే నెలనెలా భాగాలుగా వచ్చిన పెద్ద కథలే, తెలుగు ఫాంటసీకి వెన్నెముక. ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘మాయాసరోవరం’ అనే పేర్లు చూస్తేనే మరుగున ఉన్న చోట్లంటే ఆ రచయితకు ఎంత ఇష్టమో తెలుస్తుంది. చిత్రా గీసిన బొమ్మలతో వచ్చిన ఆ కథల మీద రచయిత పేరు ఉండేది కాదు. లక్షలాది మంది చదివిన రచయిత అనామకుడిగా ఉండిపోవడం, పిల్లల కథ అన్న ముద్రతో విమర్శకులు ఆయనను పట్టించుకోకపోవడం తెలుగు సాహిత్య చరిత్ర చేసిన అన్యాయాలలో ఒకటి.

ఆ ‘చందమామ’ను 1947 జులైలో నాగిరెడ్డితో కలిసి స్థాపించిన చక్రపాణి, అంతకుముందే శరత్ నవలలను బెంగాలీ నుంచి తెలుగులోకి తెచ్చిన అనువాదకుడు. శరత్‌కు దక్కిన ఆదరణలో పదోవంతు కూడా త్రైలోక్యనాథ్‌కు తెలుగులో దక్కలేదు. ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ మాట్లాడుతూ పెరిగిన ఖరగ్‌పూర్ తెలుగువారి కంటే ఆ లోటు తీర్చగలవారు అరుదు. ఇంగ్లీషు మధ్యవర్తిత్వం లేకుండా ‘కంకావతి’ని నేరుగా తెలుగు చేయడానికి వారిలో ఎవరైనా పూనుకోవాలి, పత్రికలు వారికి చోటివ్వాలి.