గొల్యాతుకు ముందు సింహము, ఎలుగుబంటి

ఉపాధ్యాయ అర్హత పరీక్షకు (టెట్‌కు) సిద్ధపడే పల్లె యువతీయువకులు విశాఖ ద్వారకానగర్‌లోని కోచింగ్ సెంటర్లకు వస్తుంటారు. గణితము, సైన్సు అభ్యర్థుల పేపరులో 150 నిమిషములలో 150 ప్రశ్నలు. వాటిలో 60 ఆ రెండింటివే. లెక్క వచ్చినా సమయము చాలదు. కనుక ఇంటివద్దనే గడియారము పెట్టుకొని మాదిరి పరీక్షలు వ్రాయండి. తర్వాత తప్పులను వేరుచేయండి: తెలియనివి, తొందరలో తప్పినవి, సమయము లేక వదిలినవి. మరునాడు జవాబు చూడకుండా ఆ లెక్కలనే మరల చేయండి. టెట్‌లో తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు గనుక దేనినీ ఖాళీగా వదలవద్దు.

దావీదు గొల్యాతుకంటె ముందు సింహమును, ఎలుగుబంటిని ఎదిరించాడు (1 సమూయేలు 17). ఎవరూ చూడని మేతభూమిలోనే దేవుడు అతనిని సిద్ధపరచాడు. తల్లిదండ్రులారా, మాదిరి పరీక్షలో మార్కులు తగ్గిన బిడ్డను గద్దించక, ప్రార్థనతో ధైర్యపరచండి.