‘తెలియదు’ అంటే ‘లేదు’ అని కాదు: క్యాన్సర్ రిస్క్ లెక్కలో ఖాళీలు

‘మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?’ అని డాక్టర్ అడిగితే మన ఇళ్లలో చాలామంది ‘లేదు’ అనేస్తారు. నిజానికి చెప్పాల్సిన జవాబు ‘తెలియదు’. నానీ ఏదో ‘గడ్డ’తో పోయారని విన్నారు, అంతే. ఆడపిల్లల రిష్తాలు చెడిపోతాయని దాచిన ఇళ్లూ ఉన్నాయి.

రిస్క్ లెక్కలో ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది.

రొమ్ము క్యాన్సర్ రిస్క్ అంచనాకు అమెరికాలో 1989లో గెయిల్ మోడల్ వచ్చింది. మహిళ వయసు, మొదటి నెలసరి, మొదటి కాన్పు ఏ వయసులో, బయాప్సీలు ఎన్ని, తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్లలో ఎందరికి ఈ జబ్బు వచ్చింది అని అడుగుతుంది. వచ్చే 5 ఏళ్ల రిస్క్ శాతంలో చెబుతుంది. 2 శాతం అంటే, అలాంటి 100 మందిలో ఇద్దరికి రావచ్చని. ఆ ఇద్దరూ ఎవరో చెప్పలేదు.

కుటుంబం గురించి ‘తెలియదు’ అని పెడితే ఈ మోడల్ జబ్బు లేనట్టే లెక్క వేస్తుంది. ఖాతాలో రాయని అప్పును తీరిపోయిందనుకోవడం లాంటిదే ఇది. అసలు రిస్క్ అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. పైగా దాదీ, ఫూఫీల సంగతి ఇది అడగదు. బీఆర్‌సీఏ జన్యు మార్పు తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ల బోడిసియా మోడల్ రెండు వైపుల బంధువులనూ చూస్తుంది.

పరిశోధకులు మరో పద్ధతి వాడతారు. ఖాళీని రకరకాల సాధ్యమైన విలువలతో పలుమార్లు నింపి, ప్రతిసారీ లెక్క వేస్తారు. జవాబులు బాగా మారుతుంటే అనిశ్చితి అంత ఎక్కువన్నమాట. కానీ క్యాన్సర్ కాబట్టే దాచారంటే, ఆ ఖాళీకి కారణం జబ్బే. అలాంటప్పుడు ఈ పద్ధతి కూడా తప్పుదారి పట్టొచ్చు.

అందుకే పెద్దవాళ్లు ఉండగానే అడగాలి. ఎవరికి, ఏ అవయవానికి, ఏ వయసులో వచ్చిందో రాసి పెట్టుకోవాలి. పాత రిపోర్టులు, డిశ్చార్జ్ కాగితాలు పారేయొద్దు. ఎంత అడిగినా తెలియకపోతే డాక్టర్‌కు ‘తెలియదు’ అనే చెప్పాలి.

రొమ్ములో గడ్డ, చనుమొన నుంచి రక్తం కనిపిస్తే మాత్రం ఏ శాతాన్నీ నమ్ముకుని ఆగొద్దు. రిస్క్ తక్కువని వచ్చినా వెంటనే పరీక్ష చేయించుకోవాలి.