ఇంటి కంప్యూటరును వర్చువల్ రియాలిటీ ఆటలకు సిద్ధపరచుట

దేవుడు మానవునకు రెండు కన్నులు ఏల యిచ్చెనని తరగతిలో నడిగినచో, ఒకటి చెడినను రెండవది మిగులుటకని బాలురు సాధారణముగా బదులు చెప్పుదురు. అది తప్పు కాదు గాని సంపూర్ణమును కాదు. వ్రేలిని ముక్కునకు జానెడు దూరమున నిలిపి, మొదట కుడికన్నును, పిమ్మట ఎడమకన్నును మూసి చూడుడు. వ్రేలు చోటు మారినట్లు కనబడును. కన్నులు రెండును రెండు వేర్వేరు చిత్రములను గ్రహించుచున్నవి. ఆ భేదమునుబట్టి మెదడు లోతును తెలిసికొనును. 1838వ సంవత్సరమున ఇంగ్లండు దేశీయుడగు చార్లెస్ వీట్‌స్టన్ ఈ సంగతిని అద్దములతో గూడిన యొక పరికరముచే నిరూపించెను. 1968లో అమెరికా దేశమున ఐవన్ సదర్లాండ్ అను శాస్త్రజ్ఞుడు, తల త్రిప్పినకొలదియు మారు చిత్రమును కన్నులయెదుట చూపు యంత్రమును ప్రదర్శించెను. నేడు మన పిల్లలు ముచ్చటపడుచున్న వర్చువల్ రియాలిటీ ఆటలకు మూలము ఈ రెండు సంగతులే.

గత వేసవిలో మా యింట నిట్టి కంప్యూటరు నొకదానిని అమర్చితిమి. అందు మేము నేర్చినదియు, పొరబడినదియు తల్లిదండ్రులకును విద్యార్థులకును ఉపయోగపడునని తలంచి యిచట వ్రాయుచున్నాము.

మొదటి ప్రశ్న: ఇంత బలమైన యంత్రమేల? సినిమాలో సెకనునకు 24 చిత్రములు కదలినచో మన కన్ను తృప్తిపడును. తలకు తగిలించుకొను హెడ్‌సెట్టులో నది చాలదు. 2016లో వెలువడిన హెచ్‌టీసీ వైవ్ అను హెడ్‌సెట్టు ఒక్కొక్క కంటికి 1080 × 1200 చుక్కల చిత్రమును సెకనునకు 90 మారులు చూపును. లెక్కలు వచ్చిన పిల్లలు గుణించి చూడవచ్చును. సెకనునకు 23 కోట్లకు పైగా చుక్కలగును. 1920 × 1080 చుక్కలు గల సాధారణపు తెర సెకనునకు 60 మారులు మారినను, 12 కోట్లు మాత్రమే. ఒక్కొక్క చిత్రమును గీయుటకు కంప్యూటరునకు దొరకు కాలము సెకనులో తొంబదియవ వంతు. ఆలస్యమైనచో తల త్రిప్పిన పిమ్మట లోకము త్రిప్పుకొనును. అంతట తల తిరిగి వాంతి వచ్చునట్లుండును. ఈ గీయు పని గ్రాఫిక్స్ కార్డుది. కనుక సొమ్ము పరిమితముగా నున్నవారు పెట్టె యందమునకును రంగుదీపములకును గాక, మొదట ఈ కార్డునకు వ్యయము చేయవలెను. ర్యామ్ 16 గిగాబైట్లుండుట మంచిది. హెడ్‌సెట్టు తయారుచేసినవారు ప్రకటించిన అవసరముల పట్టికను కొనుటకు ముందే చదువవలెను.

కార్డులలో ననేకములు 200 వాట్లకు మించి విద్యుత్తు వాడును. కావున పెట్టెలోని పవర్ సప్లయి తగినంత శక్తి కలదై యుండవలెను. గోడలోని మూడు కన్నుల ప్లగ్గునకు సరియైన ఎర్తింగు ఉండవలెను. పెట్టెను గోడకు ఆనించి పెట్టరాదు. వేడిగాలి వెలికి పోవుటకు త్రోవ విడువవలెను.

ఇక మా పొరపాటు. పెట్టె వెనుక తీగలు తగిలించు రంధ్రములు రెండు గుంపులుగా నుండును. పైవి మదర్‌బోర్డువి; క్రిందివి గ్రాఫిక్స్ కార్డువి. మేము తెర తీగను పైదానిలో పెట్టితిమి, బొమ్మ కనబడెను. అదే సరియైన చోటని నమ్మి హెడ్‌సెట్టు తీగను గూడ దాని ప్రక్కనే పెట్టితిమి. హెడ్‌సెట్టు చీకటిగానే యుండెను. మూడు సాయంకాలములు శ్రమపడి, తుదకు వర్తకునికి ఫోను చేసి, చెడిన సరకు నంటగట్టితివని కఠినముగా మాటలాడితిమి. మరునాడు పదవ తరగతి బాలుడొకడు నోటుబుక్కుకొరకు మా యింటికి వచ్చి, పెట్టె వెనుకకు వంగి చూచి, "అయ్యగారూ, ఈ రెండు తీగలును క్రింది కార్డులో నుండవలెనండి" అనెను. మార్చిన వెంటనే వెలుగు వచ్చెను. మేము ఆ సాయంకాలమే అంగడికి పోయి వర్తకుని క్షమాపణ వేడుకొంటిమి. ఆయన నవ్వి టీ తెప్పించెను. తరగతిలో "ముందు నీ లెక్క సరిచూచుకొనుము" అని నిత్యము చెప్పు మేము, ఆ పాఠమును మా శిష్యునివలన నేర్చితిమి.

తీగల పిమ్మట క్రమమిది. మొదట విండోస్‌ను తాజాపరచవలెను. తరువాత గ్రాఫిక్స్ కార్డు డ్రైవరును దాని తయారీదారునియొద్దనుండియే పొందవలెను. పిమ్మట హెడ్‌సెట్టునకు సంబంధించిన సాఫ్ట్‌వేరును, స్టీమ్‌వీఆర్ వంటి దానిని చేర్చవలెను. తీగ లేక వైఫై మూలముగా ఆడువారు కంప్యూటరును రూటరునకు తీగతో కలిపి, హెడ్‌సెట్టును 5 గిగాహెర్ట్జుల వైఫైకి చేర్చుట మేలు. ప్రతి మెట్టున పరీక్షించి ముందునకు సాగినచో, తప్పు ఎచ్చట నున్నదో సులభముగా తెలియును.

గదిని గూర్చి. నడచుచు ఆడుటకు వైవ్ కోరు కనీసపు స్థలము 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు. మంచమును, టీపాయిని జరుపుడు. చేయి పైకెత్తి సీలింగు ఫ్యాను అందకుండునని చూచుకొనుడు. చేతి పట్టీలను మణికట్టునకు తగిలించుకొనుడు. యంత్రము గీయు సరిహద్దు గోడనుగూర్చి హెచ్చరించును గాని, ఆట నడుమ ప్రాకివచ్చిన పసిబిడ్డనుగూర్చి హెచ్చరించునని నమ్మరాదు. కనుక పెద్దవారొకరు కాపుండవలెను. హెడ్‌సెట్టు కటకములపై ఎండ పడనీయరాదు. భూతద్దము కాగితమును కాల్చునట్లు, అవి ఎండను కూడగట్టి లోపలి తెరను కాల్చును.

కన్నులను గూర్చి తల్లిదండ్రులు జాగ్రత్త వహింపవలెను. కంటిపాపల నడుమ దూరము పెద్దలకు సగటున 63 మిల్లీమీటర్లు, పిల్లలకు తక్కువ. కటకములను దానికి తగినట్లు జరుపనిచో చూపు మసకబారి తలనొప్పి వచ్చును. మెటా సంస్థ తన హెడ్‌సెట్టులకు విధించిన 13 ఏండ్ల కనీస వయస్సును, 2023లో తల్లిదండ్రుల అనుమతిపై 10 ఏండ్లకు తగ్గించెను. అనుమతి యిచ్చుటతో తల్లిదండ్రుల బాధ్యత తీరదు. దగ్గరి వస్తువును చూడ కన్నులు లోనికి తిరుగును గాని, కటకముల మూలముగా చూపు ఒక్క దూరముననే నిలిచి యుండును. అందువలన కన్నులు అలయును. మొదట పది నిమిషములు, అదియు కూర్చుండి ఆడునట్టి ఆటలు చాలును. తల తిరిగినచో ఓర్చుకొనక వెంటనే తీసివేయవలెను.

మా యింట నొక నియమము పెట్టితిమి. హెడ్‌సెట్టు తీసిన బాలుడు వరండాలో నిలిచి, వీధి చివరనున్న వేపచెట్టును కొంతసేపు చూడవలెను. కన్నులకు విశ్రాంతి కలుగునని పెట్టిన నియమమిది. అయితే మొన్న మావాడు చాలసేపటివరకు లోనికి రాలేదు. ఏమని యడుగగా, ఆ చెట్టున ఉడుత గూడు కట్టుచున్నదనియు, ఇన్నాళ్లు తాను దానిని చూడనేలేదనియు చెప్పెను.