చంద్రుడి మీద కరిగిన రాళ్లు: అపోహలు – వాస్తవాలు

చంద్రుడి మీద కరిగి గడ్డకట్టిన రాయి ఏది కనబడినా అది అగ్నిపర్వతం కక్కిన లావాయేనని చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకం ఒక యాత్రనే దారి తప్పించింది. చంద్రుడి మీది డెకార్ట్ కొండలు, వాటి పక్కనున్న కేలీ మైదానాలు లావాతో ఏర్పడ్డాయన్న అంచనాతోనే 1972 ఏప్రిల్‌లో అపోలో-16ను అక్కడ దింపారు. వ్యోమగాములు జాన్ యంగ్, చార్లెస్ డ్యూక్ సుమారు 96 కిలోల నమూనాలు తెచ్చారు. చూస్తే వాటిలో ఎక్కువభాగం గ్రహశకలాల దెబ్బకు పగిలి అతుక్కున్నవి, కరిగి గట్టిపడ్డవి.

సెకనుకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల వేగంతో వచ్చిన శకలం నేలను తాకగానే రాతిలోకి ఆఘాత తరంగం దూసుకుపోతుంది. ఒత్తిడి లక్షల వాతావరణాల స్థాయికి చేరుతుంది. అది సడలాక రాతిలో మిగిలిపోయిన వేడే దాన్ని కరిగిస్తుంది. చంద్రుడి లోపల నిప్పు ఉండనక్కర్లేదు. కరిగినదాంట్లో దాదాపు అంతా స్థానిక రాయే. వచ్చిపడిన శకలం వాటా బహు స్వల్పం.

ఆ స్వల్పమే సాక్ష్యమవుతుంది. చంద్రుడి పైపొరలో ఇరిడియం, బంగారం చాలా అరుదు. కరిగిన రాయిలో అవి ఎక్కువగా కనబడితే బయటి నుంచి వచ్చినట్టే. రెండో గుర్తు సూక్ష్మదర్శినిలో దొరుకుతుంది: సన్నని స్ఫటికాల మధ్య పూర్తిగా కరగని పాత రాతి ముక్కలు, అంచులు అరిగి, ఇరుక్కుని ఉంటాయి. అపోలో-14 తెచ్చిన 14310 నంబరు రాయిలో ఇలాంటి ముక్కలు బాగా తక్కువ. అందుకే మొదట దాన్ని అగ్నిపర్వత బసాల్ట్ అనుకున్నారు. ఆ పొరపాటును దిద్దింది రసాయన పరీక్షే.

గాలి రాపిడికి కరిగాయనడం అర్థంలేని మాట, చంద్రుడి మీద చెప్పుకోదగ్గ గాలే లేదు. ఎండకూ కరగవు: అక్కడి మిట్టమధ్యాహ్నపు వేడి 120 డిగ్రీలు, రాయి కరగాలంటే వెయ్యి దాటాలి. చంద్రయాన్-3 వార్తల్లో వినిపించిన మాగ్మా (కరిగిన రాతి) సముద్రం చంద్రుడు పుట్టిన తొలినాళ్లది. దానికీ ఈ దెబ్బలకూ ముడిపెట్టకూడదు.

లావా వాదంలో ఒక్క నిజం మాత్రం ఒప్పుకోవాలి. మనం కుందేలంటూ పిల్లలకు చూపించే నల్లమచ్చలు నిజంగానే లావా మైదానాలు. చైనా నౌక చాంగే-5 2020లో అక్కడి నుంచే తెచ్చిన బసాల్ట్ వయసు 200 కోట్ల ఏళ్లు. అయితే మచ్చలకు సరిపోయే మాటను తెల్లటి ఎత్తుభూములకు అంటగట్టడమే తప్పు.

కాబట్టి కరిగిన రాయి పుట్టుకను కంటిచూపుతో తేల్చకూడదు. స్ఫటికాలు, రసాయనాలు రెండూ చూడాలి. బసాల్ట్‌కు తగిలిన దెబ్బను దగ్గర్లో చూడాలంటే మహారాష్ట్రలోని లోణార్ బిలం ఉంది. 1.8 కిలోమీటర్ల వెడల్పున్న ఆ గొయ్యి పడింది పడమటి తెలంగాణ దాకా పరుచుకున్న దక్కన్ నల్లరాతి మీదే. దెబ్బకు కరిగిన గాజు ముక్కలు అక్కడ ఇంకా ఉన్నాయి. వెళ్లినవారు చూసి రావాలి, ఏరుకుని తేవద్దు.