18 మిల్లీమీటర్ల దారి

హైదరాబాద్‌లోని ఛత్రినాక నుంచి లాల్‌దర్వాజా వైపు కూరగాయల బండి తోసుకుంటూ పోయే అరవై దాటిన మనిషిని ఊహించుకోండి. "బండి తోసినంతసేపు ఏం కాదు సార్. బేరానికి నిలబడితేనే పిక్కలు గుంజుతయ్, కాళ్లు మొద్దుబారుతయ్" అంటాడు. డాక్టరుకు ఆ మాటతోనే సగం రోగం తెలిసిపోతుంది. ముందుకు వంగితే హాయి, నిటారుగా నిలబడితే బాధ. నడుము దగ్గర వెన్ను నాళం ఇరుకైందేమోనని వెంటనే అనుమానించాల్సిన ఆనవాలు ఇది. పాశ్చాత్య దేశాల డాక్టర్లు దీన్నే సూపర్‌మార్కెట్ ట్రాలీ మీద వాలి నడిచేవాళ్లలో గుర్తించారు.

వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. అక్కణ్నుంచి కాళ్లకు పోయే నరాలు గుర్రం తోకలాగా కట్టగా కిందికి దిగుతాయి. ఆ కట్టకు ముందువైపు డిస్కులు, వెనకవైపు ఎముక పలకలు, పలకకూ పలకకూ మధ్య పసుపు రంగు లిగమెంటు ఉంటాయి. వయసు మీద పడేకొద్దీ డిస్కు ఉబ్బుతుంది, కీళ్లు లావెక్కుతాయి, లిగమెంటు మందమవుతుంది. నిటారుగా నిలబడినప్పుడు ఆ లిగమెంటు ముడతపడి నరాల మీదికి తోసుకొస్తుంది. వంగితే సాగి, కాస్త చోటిస్తుంది. తోపుడు బండి చేస్తున్న వైద్యం అదే.

నెదర్లాండ్స్ సర్జన్ హెంక్ వెర్బీస్ట్ 1954లో ఈ బాధను విడమరిచి రాశాడు. అప్పటి ఆపరేషన్ నడుము మధ్యన నిలువుగా కోసి, రెండు పక్కలా కండరాలను ఎముక నుంచి ఒలిచి, పలకను తీసేయడం. నరాలకు ఊపిరాడేది. కానీ వెన్నును నిలబెట్టేది ఆ కండరాలే కదా! వాటిని ఒలిచి, పక్కకు లాగి, అలాగే పట్టుకుని ఉంచితే అవి పాడవుతాయి. రోగం ఎముక దగ్గరుంటే, శిక్ష కండరానికి పడేది.

అమెరికాలోని మెంఫిస్‌లో కెవిన్ ఫోలీ, మారిస్ స్మిత్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు 1990లలో ఆ శిక్ష తప్పించే దారి వెతికారు. వాళ్ల సాధనం చూస్తే మన ఇళ్లలోని పాత కొలపాత్రలు గిద్దె, సోల, తవ్వ, మానిక గుర్తొస్తాయి, ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోయేవి. ముందు ఎక్స్‌రే తెర మీద చూస్తూ సన్నటి గొట్టం ఒకటి కండరం పోగుల మధ్యకు దించుతారు. దాని మీదుగా కొంచెం లావుది, దాని మీదుగా మరింత లావుది తొడుగుతారు. పోగులు తెగవు, పక్కకు జరుగుతాయి. చివరికి రూపాయి బిళ్ల కంటే తక్కువ వెడల్పుతో, 18 మిల్లీమీటర్ల గొట్టం నిలబడుతుంది. లోపలి గొట్టాలన్నీ తీసేస్తే మిగిలేది ఎముక దాకా ఒక బావి. పైన మైక్రోస్కోపో, లోపల ఎండోస్కోపో పెట్టి పని చేస్తారు.

మొదట దీన్ని జారిన డిస్కుకే వాడారు. ఇరుకైన నాళానికి రెండు పక్కలా చోటు కావాలి, గొట్టమేమో ఒక పక్కనే ఉంది. దాన్ని వాల్చి, నడిమి ముల్లు ఎముక అడుగు నుంచి అవతలి పక్క లిగమెంటును కూడా గీకి తీయొచ్చని 2002 నాటికి రిచర్డ్ ఫెస్లర్, లారీ ఖూ చూపించారు. అవతలి కండరాన్ని తాకనే తాకరు. ఈ కథలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే ఘట్టం ఇదే.

ఆ తర్వాత దారులు పెరిగాయి. రెండు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లో కెమెరా, రెండోదాంట్లో పరికరం, మధ్యన సెలైన్ పారిస్తూ చేసే పద్ధతి కొరియాలో బాగా ఎదిగింది. ముల్లు ఎముకల మధ్య ఇరికించే ఎక్స్-స్టాప్ అనే సాధనానికి అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది, పదేళ్లకే అది మార్కెట్ నుంచి తప్పుకుంది. చిన్న కోత అయినంత మాత్రాన గొప్ప ఫలితం రాదు. 437 మంది రోగులపై నార్వే డాక్టర్లు మూడు రకాల ఆపరేషన్లను పోల్చి, 2022లో ఫలితాలు ప్రకటించారు. రెండేళ్ల తర్వాత మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అందుకే కుట్లెన్ని అని అడిగే ముందు ఏ పూస దగ్గర, ఎంతమేర ఇరుకైందని అడగాలి.

ఆ ప్రశ్న ఎంత అవసరమో తెలియాలంటే ఛత్రినాక నుంచి రెండు గంటల దూరంలోని నల్గొండకు పోవాలి. అక్కడ తరాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల ఎముకలు బరువెక్కి, లిగమెంట్లు కూడా ఎముకగా మారాయి. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ ఫ్లోరోసిస్ నరాలను ఎలా నొక్కుతుందో ఏళ్ల తరబడి పరిశోధించారు. ఇరుకు ఒక్క పూసకు ఆగదు, మెడ నుంచి నడుము దాకా పాకుతుంది. అలాంటి చోట ఒక్క పూస దగ్గర దించిన గొట్టం ఏం సరిపోతుంది? సర్జన్ పొడుగ్గా తెరిచి, రాయిలాంటి పలకను గుడ్డు పెంకంత పలచన అయ్యేదాకా డ్రిల్లుతో అరగదీసి, చివరి పొరను నరాల మీంచి మెల్లగా ఎత్తాల్సి ఉంటుంది.