నగరవీధికి తగిన చిన్నకారు

వస్తువు పరిమాణము పెరిగినకొలది దాని ఘనత పెరుగునని పలువురు తలతురు. మోటారుకారు విషయమున నగరవీధి ఈ తలంపును అంగీకరింపదు. ఐదుగురు కూర్చుండదగిన కారులో తఱచుగా ఒక్కరే పనికి పోవుదురు. ఆ యొక్కరి కొఱకు నాలుగు మీటర్లకు మించిన బండి ఇఱుకు వీధులలో కదలవలెను. వారి పని ముగియువఱకు ఎక్కడనో నిలిచి యుండవలెను. ఈ చిక్కును తీర్చుటకు చేసిన ప్రయత్నముల ఫలితమే మిక్కిలి చిన్నకారు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఐరోపాలో కారు కొనగల స్తోమత కొందరికే యుండెను. స్కూటరు చౌకయే గాని, వాననుండియు చలినుండియు రక్షింపజాలదు. ఈ రెంటికిని నడుమ నిలుచు వాహనమును ఇటలీలోని ఈసో సంస్థ 1953లో ప్రజలకు చూపెను. రెంజో రివోల్టా అధిపతిగా నున్న ఆ సంస్థ అంతకుముందు రిఫ్రిజిరేటర్లను, స్కూటర్లను తయారుచేయుచుండెను. క్రొత్త బండికి 'ఇసెట్టా' అని పేరిడిరి. 'చిన్న ఈసో' అని దాని యర్థము.

ఇసెట్టా కోడిగ్రుడ్డు ఆకారమున నుండెను. పొడవు సుమారు 2.3 మీటర్లు. దానికి ప్రక్కలను తలుపులు లేవు. ఉన్న యొక్క తలుపు ముందుభాగమున నుండెను. తలుపు తెఱచినప్పుడు దానితోపాటు స్టీరింగు చక్రమును ప్రక్కకు తొలగి దారి యిచ్చెడిది. అందుచే బండిని వీధికి అడ్డముగా, ముఖము కాలిబాటవైపున కుండునట్లు నిలిపి, లోనివారు నేరుగా కాలిబాటమీదికే దిగవచ్చును.

దాని వెనుక చక్రములు రెండును మిక్కిలి దగ్గఱగా నుండెను. ఇందును ఒక యుక్తి కలదు. కారు మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలయును. అందుకై సాధారణమైన కారులలో రెండు చక్రములను వేర్వేఱు వేగములతో తిరుగనిచ్చు పండ్లచక్రముల అమరిక యుండును. ఇసెట్టాలో ఆ దూరభేదము స్వల్పమగుటచే ఈ యమరిక అవసరము లేకపోయెను. బరువును, వెలయు తగ్గెను.

జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఇసెట్టాను తయారుచేయు హక్కు పొంది, 1955లో దానికి తన మోటారుసైకిలు ఇంజనును అమర్చెను. ఆ ఇంజను శక్తి 12 అశ్వశక్తులు. బండి గరిష్ఠవేగము గంటకు 85 కిలోమీటర్లు. 1956లో సూయజ్ కాలువ సంక్షోభమువలన ఐరోపాలో పెట్రోలు కఱవైనపుడు ఇట్టి పొదుపు బండ్లకు గిరాకి హెచ్చెను. 1962 నాటికి ఆ సంస్థ 1,60,000కు పైగా ఇసెట్టాలను తయారుచేసెను.

అయినను చిన్నతనమున లాభముతోపాటు అపాయమును కలదు. ఇసెట్టాలో కూర్చున్నవారి మోకాళ్లకును, ఎదుట వచ్చు వాహనమునకును నడుమ ఆ తలుపు మాత్రమే యుండెను. ఢీకొన్నపుడు తలుపు బిగిసిపోయినచో, పైకప్పు తెఱచి బయటపడవలసినదే. ఇంతలో ప్రజల ఆదాయములు పెరిగెను. నలుగురు కూర్చుండదగిన చిన్నకారులగు ఫియట్ 500 1957లోను, మినీ 1959లోను వెలువడెను. జనుల మనస్సు వానివైపునకు మరలెను.

రక్షణ సమస్యను 1998లో వెలువడిన 'స్మార్ట్' కారు మఱియొక విధముగా ఎదుర్కొనెను. స్విట్జర్లాండు గడియారముల పారిశ్రామికుడు నికొలస్ హయెక్ ఆలోచనకు మెర్సిడెస్ సంస్థ తోడ్పాటు లభింపగా, ఫ్రాన్సులోని హంబాక్‌లో దాని తయారీ ఆరంభమయ్యెను. ఆ కారు పొడవు సుమారు 2.5 మీటర్లు, కూర్చుండువారు ఇద్దఱే. పెద్దకారు ఢీకొన్నపుడు దాని పొడవైన ముందుభాగము నలిగి తాకుడును చాలవఱకు మ్రింగును. పొట్టికారునకు అట్టి చోటు లేదు. కావున ప్రయాణికుల చుట్టును కొబ్బరిచిప్పవలె గట్టియైన ఉక్కుచట్రమును నిర్మించిరి. ఇంజనును వెనుక నుంచిరి. కాని తేలికబండియు బరువుబండియు ఎదురెదురుగా తాకినపుడు తేలికబండి వేగమే హఠాత్తుగా ఎక్కువ మాఱును. ఏ చట్రమును ఈ ప్రకృతిధర్మమును పూర్తిగా తప్పింపజాలదు. అందుచే ఇట్టి కారునకు తగినచోటు మెల్లగా సాగెడి నగరవీధియే.

నాలుగు మీటర్ల కారులను ఎడములేక వరుసగా నిలిపినచో 100 మీటర్లలో 25 పట్టును. రెండున్నర మీటర్లవి 40 పట్టును. ఈ లాభము చిన్నది కాదు. అయినను ఒక్కొక్క చిన్నకారులో ఒక్కొక్కరే పోయినచో, ఆ నలువదిమందికిని 100 మీటర్ల చోటు కావలెను. వారే 12 మీటర్ల బస్సొక దానిలో పోగలరు. చిన్నకారు నగరపు ఇఱుకును కొంత సడలించును గాని తొలగింపలేదు. వీధి అందఱిదియు గనుక, ఒక్కొక్కరును తమకు కావలసినంత చోటునే తీసికొని తక్కినది ఇతరులకు విడుచుట న్యాయము. ఆ న్యాయమును యంత్రరూపమున సాధింపజూచుటయే చిన్నకారు గొప్పతనము.