జ్వరము లేనివానిలోని మలేరియా

విత్తనములలోని కలుపుగింజ కంటబడకున్నను పొలమున మొలచును. మలేరియాయు నట్టిదే. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డు రాసు దొరగారు దోమ కడుపునందు మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో కనుగొనిరి. అయినను, రక్తమున క్రిములు మిక్కిలి తక్కువగా నున్నయెడల ఆ యంత్రమునకును చిక్కవు. జ్వరము లేక పొలమునకు పోవువానిలోను అవి దాగియుండవచ్చును. దోమ వానిని పొరుగింటికి చేర్చును.

ఇట్టి క్రిములను డి.ఎన్‌.ఏ. పరీక్ష పట్టియిచ్చును. నాలుగు జాతుల క్రిములను వేరుపరచు పి.సి.ఆర్‌. పద్ధతి 1993లో ప్రకటింపబడెను. వ్రేలి నెత్తుటిబొట్టును వడపోత కాగితముపై నారబెట్టి, క్రిమి వంశలక్షణములను మోయు డి.ఎన్‌.ఏ.ను ప్రయోగశాలలో అనేక రెట్లు పెంచి గుర్తింతురు. జ్వరము వచ్చినవాడు మాత్రము దీనికై వేచియుండక వెంటనే వైద్యము పొందవలయును.

కావున, పరీక్షకులు మీ యూరికి వచ్చినపుడు, "మాకు జ్వరము లేదుగదా" యనక, ఇంటిల్లిపాదియు నొక్కొక్క బొట్టు నీయవలయునని కోరుచున్నాము.